చలిలో బండి తప్పిపోయిన తోబుట్టువులకు ఎమర్జెన్సీ బ్లాంకెట్ ఎంతవరకు పనికివస్తుంది?

పుస్తకాల సంచిలోనో ప్రయాణపు బ్యాగులోనో ఒక మూల పెట్టి ఉంచుకునే పల్చటి వెండి రంగు దుప్పటిని ఎమర్జెన్సీ బ్లాంకెట్ అనీ, థర్మల్ బ్లాంకెట్ అనీ, ఫాయిల్ బ్లాంకెట్ అనీ రకరకాల పేర్లతో అమ్ముతారు. పేరు ఏదైనా వస్తువు ఒకటే. మడత మీద ఉన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది, బరువు సుమారు 50 నుంచి 60 గ్రాములు ఉంటుంది, విప్పితే సాధారణంగా 210 సెంటీమీటర్ల పొడవు, 160 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. దీని గురించి కొన్నవాళ్ళు రాసే అభిప్రాయాలు చదివితే, ప్రాణం నిలిపే అద్భుతమని కొందరు, ఎందుకూ కొరగాని రేకు కాగితమని కొందరు అంటారు. ఇంటికి చేర్చవలసిన చివరి బస్సు వేళకు ముందే వెళ్ళిపోవడంతో, చలిగాలిలో తమ్ముడితో కలిసి మరో బండి కోసం చాలాసేపు ఎదురుచూడవలసి వచ్చినప్పుడు నేను దీన్ని నిజంగా వాడాను. ఆ తరువాత ఇందులోని వేరే రకాలను కూడా తెప్పించి చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది వేడిని పుట్టించే వస్తువు కాదు, ఒంట్లో ఉన్న వేడి జారిపోకుండా కొంతవరకు ఆపే వస్తువు మాత్రమే. అందువల్ల ఒంటరిగా నిలబడ్డ మనిషికన్నా, ఒకరినొకరు ఆనుకుని కూర్చోగల ఇద్దరికి, అంటే సరిగ్గా అలా చిక్కుకుపోయిన అక్కాతమ్ముళ్ళకో అన్నాచెల్లెళ్ళకో, ఇది ఎక్కువ మేలు చేస్తుంది. అయితే ఎలా వాడాలో తెలిసి ఉండాలి, ఆ సంగతి ప్యాకెట్ మీద దాదాపు ఎక్కడా రాసి ఉండదు.

ముందు ఇది పనిచేసే తీరు తెలుసుకుంటే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. మైలార్ పేరుతో చాలామందికి తెలిసిన పాలిస్టర్ పొర మీద, గాలి తీసేసిన గదిలో అల్యూమినియంను ఆవిరి చేసి అతి పల్చటి పూతగా పట్టిస్తారు. మార్కెట్లో దొరికే మామూలు రకం మందం సుమారు 12 మైక్రాన్లు ఉంటుంది. మనిషి తలవెంట్రుక మందంలో ఇది చిన్న వంతు మాత్రమే. 1964 ప్రాంతంలో నాసా అంతరిక్ష అవసరాల కోసం ఈ రకం పొరను వృద్ధి చేయించింది. 1973లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం పైకి వెళ్ళేటప్పుడు దాని రక్షణ కవచం ఊడిపోయి లోపల వేడి విపరీతంగా పెరిగితే, వ్యోమగాములు గొడుగులా విప్పి పరిచిన తెరలో ఉన్నది కూడా అల్యూమినియం పూత పూసిన ఇలాంటి పొరే. అక్కడ అది ఎండ వేడిని బయటికి తిప్పికొట్టింది, ఇక్కడ మన ఒంటి వేడిని లోపలికి తిప్పికొడుతుంది. వేడి నీళ్ళ ఫ్లాస్కు లోపలి గాజుకు అద్దంలా మెరిసే పూత ఎందుకు ఉంటుందో, ఈ దుప్పటికి ఈ మెరుపు కూడా అందుకే ఉంటుంది.

చిక్కంతా ప్యాకెట్ మీద రాసే గొప్పల దగ్గర మొదలవుతుంది. ‘శరీరపు వేడిలో 90 శాతాన్ని కాపాడుతుంది’ అన్న వాక్యం చాలా ప్యాకెట్ల మీద కనిపిస్తుంది. ఈ మాట మనిషిని పొరబాటు పట్టిస్తుంది. ఈ పొర తన మీద పడిన వికిరణపు వేడిలో, అంటే ఒంటి నుంచి కిరణాల రూపంలో వెలువడే వేడిలో, 90 శాతానికి మించి తిప్పికొట్టగలదన్నది నిజమే. కానీ శరీరం వేడిని కోల్పోయే దారి వికిరణం ఒక్కటే కాదు. గాలి తగిలి పోయే వేడి ఒకటి, చల్లటి బెంచీకో నేలకో ఒళ్ళు ఆనుకోవడం వల్ల పోయే వేడి ఒకటి, చెమటా తడీ ఆరేటప్పుడు పోయే వేడి మరొకటి. గాలి వీయని గదిలో ఊరికే కూర్చున్న మనిషి విషయంలో వికిరణానిదే పెద్ద వాటా కావచ్చు గానీ, బస్టాపులో ఎముకలు కొరికే గాలిలో నిలబడ్డవాళ్ళ లెక్క వేరు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు ఉన్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే, ఒంటికి అది మైనస్ 6, 7 డిగ్రీల చలిలా తగులుతుంది. ఈ దుప్పటి గాలిని లోపలికి రానివ్వదు కాబట్టి అక్కడ కూడా ఉపయోగపడుతుంది, కాకపోతే అంచులు గట్టిగా మూసి ఉంచగలిగినప్పుడే. నేల నుంచి ఎక్కే చలిని మాత్రం ఇది ఏమాత్రం ఆపలేదు. ఇంత పల్చటి పొర మీద కూర్చోవడానికీ వట్టి నేల మీద కూర్చోవడానికీ చలి విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఆ సాయంత్రం మాకు ఎదురైన మొదటి ఇబ్బంది దుప్పటిని విప్పడమే. ప్లాస్టిక్ ప్యాకెట్ చింపడానికి చేతి తొడుగులు తీయవలసి వచ్చింది, చలికి మొద్దుబారిన వేళ్ళకు ఒక పొరకు మరో పొర అతుక్కుని ఉన్న మడతలు దొరకలేదు. అతికష్టం మీద ఒక కొస దొరికి లాగేసరికి గాలి మొత్తం దుప్పటిని ఒక్కసారిగా అందుకుంది, తమ్ముడు రెండు చేతులతో పట్టుకున్నా అది పటపటలాడుతూ వాడి ముఖానికి కొట్టుకుంది. “అక్కా, ఇది చిరిగిపోతుందేమో, నువ్వు ఆ పక్క పట్టుకో” అని వాడు అరిచాడు. చిరిగింది కూడా. వాడి జాకెట్టు జిప్పు కొన తగిలిన చోట చిన్న గాటు పడింది, చూస్తుండగానే ఆ గాటు జానెడు పొడవున చీలింది. ఈ పొర లాగితే చాలా బలంగానే ఉంటుంది, కానీ ఒక్కసారి అంచులో గాటు పడితే ఆ చీలిక ఇక ఆగదు. తయారీదారులు అంచుల చుట్టూ ఒక సన్నటి టేపు అతికించినా ఈ లోపం చాలావరకు తీరిపోతుందని నా నమ్మకం, కాస్త మందంగా ఉండే కొన్ని రకాల్లో అలా కుట్టిన అంచు ఉంటుంది కూడా.

అందువల్ల దీన్ని వాడబోయేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఏమిటంటే, నిలబడి గాలిలో విప్పవద్దు. గాలి వచ్చే దిక్కుకు వీపు పెట్టి, గోడ చాటునో షెల్టరు మూలనో కూర్చుని, మడతలోని ఒక కొసను ముందుగా తొడ కింద నొక్కిపెట్టి, ఆ తరువాత మిగిలినది కొద్దికొద్దిగా విప్పుతూ భుజాల మీదికి తెచ్చుకోవాలి. చిన్నవాళ్ళను ముందు కూర్చోబెట్టి, పెద్దవాళ్ళు వెనక నుంచి వాళ్ళను ఒడిలోకి తీసుకున్నట్టుగా కూర్చుంటే ఒకే దుప్పటి ఇద్దరికీ చుట్టూ వస్తుంది, అంచులు మడిచి కింద నొక్కుకోవడానికి కూడా కొంత మిగులుతుంది. మేము చివరికి కుదురుకున్నది ఇలాగే. పుస్తకాల సంచులు రెండింటినీ నేల మీద పరిచి వాటి మీద కూర్చున్నాము. నేను షెల్టరు గోడకు ఆనుకున్నాను, తమ్ముడి వీపు నా ఛాతీకి ఆనింది, దుప్పటి నా భుజాల మీదుగా వచ్చి వాడి మోకాళ్ళ ముందు కలిసింది. కాసేపటికి వాడి వీపు నుంచి నాకు, నా నుంచి వాడికి వెచ్చదనం తెలియడం మొదలైంది. దుప్పటి వల్ల చలి పోయిందని చెప్పలేను గానీ, పెరగడం మాత్రం ఆగింది. అలా ఎదురుచూడవలసి వచ్చినప్పుడు కావలసింది కూడా అదే.

ఇద్దరికి ఒక దుప్పటి అన్నది పొదుపు కోసం చెబుతున్న మాట కాదు. కదలకుండా కూర్చున్న పెద్ద మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని విడుదల చేస్తూ ఉంటుంది. దుప్పటి తానుగా ఒక్క వాట్ కూడా ఇవ్వదు. అంటే దాని కింద ఎంత వేడి ఉంటుందన్నది, దాని కింద ఎందరు మనుషులు ఉన్నారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. పైగా ఇద్దరు ఒకరినొకరు ఆనుకున్నప్పుడు చలికి తగిలే ఒంటి భాగం కూడా తగ్గుతుంది. పిల్లల శరీరం బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి వాళ్ళు పెద్దవాళ్ళకన్నా త్వరగా చల్లబడతారు. అక్కా తమ్ముడూ చెరొక దుప్పటి కప్పుకుని పక్కపక్కన కూర్చుంటే అందరికన్నా నష్టపోయేది చిన్నవాడే. రెండు దుప్పట్లు ఉంటే రెండింటినీ ఒకదాని మీద ఒకటిగా ఇద్దరి చుట్టూ కప్పుకోవాలి. ఈ ఒక్క బొమ్మ ప్యాకెట్ వెనక వేసినా ఎంతో మంది పిల్లలకు మేలు జరుగుతుంది, కానీ నేను చూసిన ప్రతి ప్యాకెట్ మీదా నవ్వుతూ ఒంటరిగా నిలబడ్డ మనిషి బొమ్మే ఉంది.

మరొక ముఖ్యమైన సంగతి గాలి పొర గురించి. అల్యూమినియం వేడిని తిప్పికొట్టాలంటే దానికీ ఒంటికీ నడుమ కొంత ఖాళీ ఉండాలి. చర్మానికో పల్చటి చొక్కాకో బిగించి అంటించేస్తే, వేడి ఆ పొర గుండా నేరుగా బయటికి పాకిపోతుంది. ఉన్ని స్వెట్టరు మీద కప్పుకుని, దాని మీద జాకెట్టు వేసుకోవడం అన్నిటికన్నా మంచి పద్ధతి: స్వెట్టరులోని గాలి ఖాళీగా పనికివస్తుంది, జాకెట్టు వల్ల దుప్పటి ఎగరదు, చిరగదు, చప్పుడు కూడా తగ్గుతుంది. ఒక వైపు వెండి రంగు, మరో వైపు బంగారు రంగు ఉన్న రకాల్లో వెచ్చదనం కోసం వెండి వైపు లోపలికి పెట్టమంటారు. అలాగే పెట్టండి, కానీ రంగు కోసం ఎక్కువ డబ్బు పెట్టవలసిన అవసరం లేదు.

ఇక లోపలి తడి సంగతి. ఈ పొర గుండా గాలి పోదు, ఆవిరీ పోదు. ఎక్కువసేపు కప్పుకుని ఉంటే ఊపిరిలోని తేమా చెమటా లోపలి వైపు బొట్లు బొట్లుగా పేరుకుని బట్టల మీదికి జారుతాయి. తమ్ముడి స్వెట్టరు భుజాల దగ్గర ఇలాగే చెమ్మగిల్లింది. నీరు వేడిని గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది కనుక ఇది చిన్న విషయం కాదు. దీనికి విరుగుడు అప్పుడప్పుడు మెడ దగ్గర కొద్దిగా తెరిచి ఆవిరిని పోనివ్వడం, తల లోపలికి పెట్టి ఊపిరి వదలకుండా ఉండటం. ముఖం ఎప్పుడూ బయటే ఉండాలి. చిన్నపిల్లల విషయంలో ఊపిరాడకపోయే ప్రమాదం కూడా ఉంది కాబట్టి దీన్ని కచ్చితంగా పాటించాలి. వానలోనో మంచులోనో తడిసి ఉంటే దుప్పటి కప్పుకోవడానికి ముందే తడి బట్టలు తీసేసి, సంచిలో పొడి బట్ట ఏదున్నా సరే తొడుక్కోవాలి. తడి బట్టల మీద ఈ దుప్పటి కప్పితే తడిని లోపలే కట్టిపెట్టినట్టు అవుతుంది.

ఈ వస్తువును నమ్ముకుని మరిచిపోకూడని హద్దు ఒకటి ఉంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. ముందు బాగా వణుకు వస్తుంది. వణకడం అంటే శరీరం వేడి పుట్టించుకుంటోందని అర్థం, కాబట్టి ఆ దశలో దుప్పటి బాగా సాయపడుతుంది. మాట తడబడటం, చేతులు చెప్పిన మాట వినకపోవడం, మత్తుగా తూగడం, చలిలోనే ఉన్నా వణుకు ఆగిపోవడం వంటివి కనిపిస్తే ఇక దుప్పటి చాలదు, వెంటనే అత్యవసర సేవకు ఫోన్ చేయాలి. అలాంటి వాళ్ళను రుద్దకూడదు, నడిపించకూడదు, కదలకుండా పొడిగా కప్పి ఉంచాలి. తమ్ముడిని మాట్లాడిస్తూ ఉండటం, వాడి జవాబులు సూటిగా వస్తున్నాయో లేదో గమనిస్తూ ఉండటం ఆ సాయంత్రం నేను ఆపకుండా చేసిన పని. వాడు విసుక్కున్నాడు, కానీ విసుక్కుంటూ చెప్పిన జవాబు కూడా నాకు ధైర్యాన్నే ఇచ్చింది.

ఇదే అవసరానికి అమ్మే ఇతర వస్తువులతో పోల్చి చూస్తే, చేతులు వెచ్చబెట్టే చిన్న పొట్లాలు, అంటే హ్యాండ్ వార్మర్లు, నిజంగా వేడిని పుట్టిస్తాయి. వాటిలోని ఇనుప పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తుప్పు పట్టేటప్పుడు ఆ వేడి వస్తుంది, కొన్ని గంటల పాటు నిలుస్తుంది. గాలి తగలకుండా బిగించేస్తే చల్లారిపోతాయి. కొన్ని 50 డిగ్రీలకు మించి వేడెక్కుతాయి కాబట్టి చర్మానికి నేరుగా పెట్టకూడదు, నిద్రపోయే పిల్లల ఒంటికి అసలే పెట్టకూడదు. లోపలి లోహపు బిళ్ళను నొక్కితే గడ్డకట్టి వెచ్చబడే సోడియం అసిటేట్ రకాన్ని మళ్ళీ మరిగే నీటిలో పెట్టి తిరిగి వాడుకోవచ్చు గానీ, దాని వెచ్చదనం త్వరగా అయిపోతుంది. దుప్పటి, హ్యాండ్ వార్మర్లు రెండూ కలిపి ఉంచుకోవడమే సరైనది: ఒకటి వేడిని ఇస్తుంది, మరొకటి దాన్ని నిలుపుతుంది.

దుప్పట్లలోనే సంచి ఆకారంలో, ఒక వైపు మాత్రమే తెరిచి ఉండే రకం ఒకటి దొరుకుతుంది. నా దృష్టిలో డబ్బు పెట్టవలసింది దాని మీదే. అంచులు పట్టుకోవలసిన పని లేదు, గాలి దూరదు, చేతులు ఖాళీగా ఉంటాయి, పాలిథిన్ కలిసిన కాస్త మందమైన పొరతో చేసినదైతే జిప్పు తగిలినంత మాత్రాన చిరగదు, చప్పుడు కూడా తక్కువ. బరువు, పరిమాణం మామూలు దుప్పటికన్నా కొంచెం పెద్దవైనా పుస్తకాల సంచిలో సులువుగా పడతాయి. కొనేటప్పుడు వెడల్పు చూసుకోండి. ఒక్కరికే సరిపోయే కొలతలో చేసిన సంచుల్లోకి ఇద్దరు పిల్లలు దూరగలరు గానీ, ఎదిగిన అక్కా చిన్న తమ్ముడూ కలిసి పట్టరు. ఇద్దరి కోసం చేసిన సంచులు కూడా ఉన్నాయి, తోబుట్టువులు ఉన్న ఇళ్ళకు తగినవి అవే.

మామూలు దుప్పటికి ఎదురులేని గుణం ఒకటి ఉంది, అది వెలుతురులో మెరవడం. చీకటి పడ్డాక రోడ్డు పక్కన ముదురు రంగు జాకెట్లతో కూర్చున్న ఇద్దరు పిల్లలు డ్రైవర్లకు కనిపించరు. హెడ్‌లైట్ల వెలుగు పడగానే ఈ పొర మెరిసిపోతుంది. మమ్మల్ని తీసుకువెళ్ళడానికి వచ్చిన బంధువు కూడా దూరం నుంచి ముందుగా చూసింది ఈ మెరుపునే, ఆయనే ఆ మాట చెప్పారు. సంచి రకం కొనేవాళ్ళు నారింజ రంగు పైవైపు ఉన్నది తీసుకుంటే ఈ లాభం పోకుండా ఉంటుంది. మంటకు మాత్రం దీన్ని దూరంగా ఉంచాలి, పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది.

ఫోన్ సంగతి దుప్పటికి సంబంధించింది కాకపోయినా ఇక్కడే చెప్పాలి. లిథియం అయాన్ బ్యాటరీలు చలిలో త్వరగా నీరసిస్తాయి, చార్జింగ్ చూపిస్తూనే ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. సంచి బయటి జేబులో కాకుండా స్వెట్టరు లోపల ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. ఎక్కడ ఉన్నామో ఇంటికి చెప్పేశాక ఉన్న చోటే ఉండాలి. దుప్పటి కప్పుకుని నడిచి వెళ్ళిపోదామనుకుంటే వెతికేవాళ్ళకు దొరకరు, దుప్పటీ నిలవదు.

నిల్వ విషయంలో ఒక హెచ్చరిక. ఒకసారి విప్పిన మామూలు దుప్పటిని మళ్ళీ అంత చిన్నగా మడవలేము, మడిచినా మడతల దగ్గర పూత రాలి వెలుతురు కనిపిస్తుంది. దాన్ని ఒకసారి వాడే వస్తువుగానే లెక్కపెట్టుకుని కొత్తది తెచ్చిపెట్టుకోవాలి. ఏళ్ళ తరబడి సంచి అడుగున నలిగిన ప్యాకెట్లను కూడా అప్పుడప్పుడు మార్చడం మంచిది. కొన్న వెంటనే ఒకదాన్ని ఇంట్లో విప్పించి, పిల్లలిద్దరినీ దాని కింద ఎలా కూర్చోవాలో ఒకసారి కూర్చోబెట్టి చూపించండి, చిన్నవాళ్ళకు అది ఆటలాగే ఉంటుంది.

మామూలు రేకు దుప్పటికి ఐదింటికి మూడు మార్కులు వేస్తాను. తగ్గించిన రెండింటిలో ఒకటి చిరిగే గుణానికి, మరొకటి ప్యాకెట్ మీది అతిశయోక్తికి. ఇద్దరు పట్టే సంచి రకానికి నాలుగున్నర. ఇంట్లో తోబుట్టువులు కలిసి బడికో కాలేజీకో వెళ్ళి వస్తుంటే, సంచి రకం ఒకటి పెద్దవాళ్ళ బ్యాగులో, మామూలు దుప్పటి ఒకటి, రెండు హ్యాండ్ వార్మర్లు, ఒక జత పొడి సాక్సులు చిన్నవాళ్ళ బ్యాగులో ఉంచండి, కింద వేసుకుని కూర్చోవడానికి మడత పెట్టే ఫోమ్ షీటు ముక్క ఒకటి కూడా వాటితో పాటు పెట్టండి.